పదేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి

సరదాకి పెట్టుకున్న సొంత వెబ్‌సైట్లలో ఏవి బతికాయి, ఏవి పోయాయి? తెలుగు ఇంటర్నెట్‌లో ముప్పై ఏళ్లుగా జరిగినదాంట్లో ఉప్పల్, నాచారం గల్లీల్లో ఉండేవాళ్లకు పనికొచ్చే ముచ్చట్లు చాలానే ఉన్నాయి.

సొంత వెబ్‌సైటు పెట్టుకోవడానికి ఇవాళ ఒక్క ఆదివారం చాలు. పొద్దున టిఫిన్ చేసి కూర్చుంటే, ఉప్పల్ స్టేడియంలో సాయంత్రం టాస్ వేసేలోగా పేరు కొనుక్కోవచ్చు, నాలుగు పేజీలు రాసుకోవచ్చు, ఫొటోలు ఎక్కించొచ్చు, చుట్టాల వాట్సాప్ గ్రూపులో లింకు పడేయొచ్చు. ‘సూపర్ అన్నా’ అంటూ బొటనవేళ్లు కూడా వచ్చేస్తాయి. కష్టమంతా ఆ తర్వాతి ఆదివారాలది. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో ఒక లెక్క తీసింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదట. జీతాలిచ్చి మనుషులను పెట్టుకున్న సంస్థల పేజీలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఉద్యోగం అయ్యాక, పిల్లలు పడుకున్నాక రాసుకునే సైట్ల సంగతి వేరే చెప్పాలా!

అయినా కొన్ని నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో చూస్తే ఒకటి కనిపిస్తుంది. డిజైన్ బాగున్నందుకు ఏదీ బతకలేదు. పెట్టినవాళ్లకు ఆ విషయం మీద మొండి ఇష్టం ఉంది, సరుకును ఎవరైనా చదవగల రూపంలో దాచారు, ఇంకో నలుగురి చెయ్యి పడనిచ్చారు. ఈ మూడూ ఉన్నవి మిగిలాయి.

స్కోరు కార్డు ఎక్కడిది?

2009 నవంబర్ 5 రాత్రి ఉప్పల్ స్టేడియంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ మ్యాచ్ గురించి మాట్లాడితే తల పట్టుకుంటారు. ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ ఒక్కడే 141 బంతుల్లో 175 చేశాడు. మనం మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఎవరు ఎన్ని బంతులాడారు, ఏ వికెట్ ఎప్పుడు పడింది అని అడిగితే జేబులోంచి ఫోన్ తీసి క్రిక్‌ఇన్ఫో తెరిస్తే సరి.

ఆ క్రిక్‌ఇన్ఫో పుట్టింది సరదా పనిగానే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసుకుంటున్న సైమన్ కింగ్ అనే బ్రిటిష్ యువకుడు 1993లో దాన్ని మొదలుపెట్టాడు. దేశంకాని దేశంలో స్కోరు తెలియక అల్లాడుతున్న విద్యార్థులు, పరిశోధకులు దేశదేశాల నుంచి చేతులు కలిపారు. జీతంలేని చాకిరీయే. 2003లో విజ్డెన్, 2007లో ఈఎస్‌పీఎన్ దాన్ని కొనుక్కున్నాయి. సినిమా వివరాలకు మనమంతా వెతికే ఐఎండీబీ కూడా అంతే. కాల్ నీధమ్ అనే సినిమా పిచ్చోడు 1990లో మొదలుపెట్టిన జాబితాలే దాని మూలం. 1998లో అమెజాన్ చేతికి వెళ్లింది.

ఈ రెంటి కథలో కంపెనీలు కొన్నాయన్నది నాకు అంత ముఖ్యంగా అనిపించదు. కొనడానికి అక్కడ ఏముంది? ఒకే పద్ధతిలో, వరుస తప్పకుండా ఎక్కించిన సమాచారం. మొదటి మ్యాచ్ ఏ వరుసలో రాశారో వెయ్యో మ్యాచ్ కూడా అదే వరుసలో రాశారు. సరదా సైటు పెట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మొదటి పది ఫొటోలకు తేదీ, స్థలం రాస్తారు. పదకొండో ఫొటో నుంచి ‘తర్వాత రాద్దాంలే’.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో తెలుగు కథల కోసం కథానిలయం తెరిచినప్పుడు చేసింది మాత్రం వరుస తప్పకుండా రాసుకోవడమే. కథ పేరు, రచయిత, పత్రిక, తేదీ. తర్వాత వెబ్‌సైటుగా మారినప్పుడు ఆ జాబితాయే దానికి వెన్నెముక అయింది. ముందు జాబితా, ఆ తర్వాతే స్కానింగ్. ఈ వరుస తిరగేసినవాళ్ల హార్డ్ డిస్కుల్లో ఏ ఫైలు ఏమిటో వాళ్లకే తెలియదు.

అక్షరాలు గల్లంతైన కాలం

కంప్యూటర్ అంటే మాదాపూర్, గచ్చిబౌలి అనుకునేవాళ్లకు తూర్పు హైదరాబాద్ చరిత్ర గుర్తుండదు. నాచారం దాటి మల్లాపూర్ మీదుగా వెళ్తే వచ్చే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరుమీదే ఏఎస్ రావు నగర్ ఉంది. మన దేశంలో తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12 ఆ సంస్థ ఖాతాలోదే. 1969 నాటి మాట. కానీ ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నవాళ్లు కంప్యూటర్ మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఇంకా మూడు దశాబ్దాలు పైనే పట్టింది.

ఆ కథలో చాలా భాగం సరదాపరులదే. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి తయారు చేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. పెద్దక్షరం చిన్నక్షరం తేడాతో ట, త వేరుచేసి చదువుకోవాలి. కానీ నియమం తప్పేది కాదు. నియమం ఉన్నదాన్ని ఎప్పుడైనా, దేనిలోకైనా యంత్రంతో మార్చుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చింది ఫాంట్ల కాలం. ఒక్కో తెలుగు పత్రిక సైటు ఒక్కో సొంత ఫాంటు పెట్టుకుంది. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల గళ్లే. ఆ గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చేవారు. మన కంప్యూటర్లో ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే గీతలూ చుక్కలూ. వెతికితే దొరకదు, కాపీ చేసి ఇంకోచోట పెడితే తెలుగు కాదు. చూడ్డానికి ముచ్చటైన పేజీలు ఆ పద్ధతిలో వేలల్లో తయారయ్యాయి. ఫాంటు మాయమవగానే ఆ పేజీలు ఉన్నా లేనట్టే అయ్యాయి. వికారంగా కనిపించిన ఆర్‌టీఎస్ రాతలు మాత్రం అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేతమైన యూనికోడ్‌లోకి హాయిగా నడిచొచ్చాయి.

యూనికోడ్ తొలి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటుంది. అది మామూలు మనిషి కంప్యూటర్‌కు చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక. దాన్ని జనం వాడుకోగలిగే దాకా ఉన్న అగాధాన్ని పూడ్చినవాళ్ల పేర్లు స్కూలు పుస్తకాల్లో ఉండవు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అనే ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పనిముట్టు రాశారు. పత్రికల సొంత ఫాంట్ల గళ్లను అది యూనికోడ్ తెలుగులోకి మార్చేది. ఆ పద్మను ఆధారం చేసుకుని వీవెన్ 2006లో ‘లేఖిని’ పెట్టారు.

లేఖిని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఉన్నది ఒక్క పేజీ. పైపెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే కింది పెట్టెలో తెలుగు. అంతా బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది. ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఆ రోజుల్లో హబ్సిగూడలోనైనా ఉప్పల్ రింగురోడ్డు దగ్గరైనా కుర్రాళ్లకు దిక్కు నెట్ సెంటరే. గంటకింత అని డబ్బు కట్టి కూర్చున్న చోట సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోనిస్తారా? అలాంటి సిస్టమ్‌లో కూడా తెలుగు రాయించింది కాబట్టే లేఖిని అంతమందికి అలవాటైంది. సొంత సైటు కట్టేవాళ్లు ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. మీ దగ్గర ఎంత మంచి యంత్రం ఉందన్నది ఎవరికీ పట్టదు. వాడేవాడి దగ్గరున్న అతి నాసి యంత్రంలో మీ పేజీ తెరుచుకుంటుందా? ఇవాళ అది ఐదేళ్ల కిందటి ఫోను, సగం అయిపోయిన డేటా ప్యాక్.

1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికలు ఇవాళ ఫోన్లో హాయిగా చదువుకోవచ్చు. పాత రాతలను ఓపికగా యూనికోడ్‌లోకి తెచ్చుకున్నారు కాబట్టి. ఆ గొడవ తీరిపోయిందని సంబరపడకండి. మన కాలనీ సంఘం వార్షికోత్సవ సంచిక ఏ ఫాంటులో ఉంటుందో చూడండి. డీటీపీ సెంటర్‌లో ‘అను’ ఫాంట్లలో కొట్టి పీడీఎఫ్ చేసి ఇస్తారు. చూడ్డానికి తెలుగు, లోపల పాత గళ్లే. దాన్ని సైట్లో పెడితే గూగుల్‌కు ఒక్క ముక్కా అర్థం కాదు. ఫోన్లో రాసిన నాలుగు వాక్యాలను పువ్వుల బొమ్మ మీద అతికించి పెట్టడం కూడా ఇదే జాతి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఒక పూట పని. కానీ చెయ్యాలి.

కిరాయి జాగా

జియోసిటీస్ గుర్తుందా? 1990ల చివర్లో, 2000ల మొదట్లో ఉచితంగా సొంత పేజీ అంటే అదే. మెరిసే అక్షరాలు, కింద తిరిగే సందర్శకుల మీటరు, నేపథ్యంలో పాట. యాహూ 1999లో దాన్ని వందల కోట్ల డాలర్లు పోసి కొంది, 2009 అక్టోబర్‌లో మూసేసింది. అందులో పెళ్లి ఫొటోలు, ఊరి చరిత్రలు, పాటల సాహిత్యం అన్నీ ఉండేవి. స్నేహితుల అడ్డా ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. బ్లాగులు చదివించే గూగుల్ రీడర్ 2013 జూలైలో. ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమంటే కిరాయివాడు గోడకు కొట్టిన మేకులు కూడా పీక్కుని పోవాలి కదా. ఇక్కడ మేకులు పీక్కునేంత వ్యవధి కూడా చాలామంది చూసుకోలేదు.

అందుకని ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా వద్దని అనను. జనం అక్కడే ఉన్నారు. పిలవడానికి అక్కడికి పోవాల్సిందే. అసలు కాపీ మాత్రం మీ సొంత పేరు మీద, మీ ఇంట్లో ఒక డిస్కులో ఉండాలి.

సొంత పేరుకు ఖర్చు పెద్దదేం కాదు. డాట్ ఇన్ పేర్లు 2005 నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. తెలుగు లిపిలోనే డాట్ భారత్ కూడా ఉంది. చిక్కల్లా ప్రతి ఏడూ కట్టాలి. కార్డు మారుతుంది, ఈమెయిల్ మారుతుంది, గుర్తుచేసే ఉత్తరం ప్రకటనల కుప్పలో పడుతుంది. డాట్ కామ్ పేరైతే గడువు దాటాక కొన్ని వారాలు వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత ఎక్కువ రుసుముతో ఇంకో 30 రోజులు. అదీ పోతే ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. భక్తి పాటల సైటు పేరు కొట్టి తెరిస్తే ఆన్‌లైన్ పేకాట ప్రత్యక్షమైన అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

ఎంత తక్కువ యంత్రాంగం ఉంటే అంత మేలు

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటు 1991లో సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ పెట్టింది. ఆ పేజీ ప్రతిని ఇవాళ మన ఫోన్లో తెరిచినా తెరుచుకుంటుంది. అందులో ఉన్నది అక్షరాలు, లింకులు, అంతే. దాంతో పోలిస్తే ఫ్లాష్‌తో ముచ్చటగా కట్టిన సైట్లన్నీ 2020 డిసెంబర్ 31తో మూలపడ్డాయి.

వర్డ్‌ప్రెస్ లాంటివి తేలికే. కానీ వాటి వెనక డేటాబేస్ ఉంటుంది, పీహెచ్‌పీ ఉంటుంది, ప్లగిన్లు ఉంటాయి. ఇవన్నీ మారుతూనే ఉంటాయి. సర్వర్‌లో పీహెచ్‌పీ మారిన మర్నాడు తెల్ల పేజీ దర్శనమిస్తుంది. ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన ప్లగిన్ కంతలోంచి దొంగలు దూరతారు. తెలుగువాళ్లకు ఇంకో అదనపు బాధ. యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం కనీసం మూడు బైట్లు తీసుకుంటుంది. డేటాబేస్‌ను పాత పద్ధతిలో తెరిచి పెడితే, సైటును ఇంకో సర్వర్‌కు మార్చేటప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలుగా తేలుతుంది. బ్యాకప్ ఉందని ధైర్యంగా ఉన్నవాళ్లు తెరిచి చూసుకుంటే అందులోనూ ప్రశ్నార్థకాలే. తెరిచి చదివి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనకూడదని నా అభిప్రాయం.

వందా రెండొందల పేజీల సరదా సైటుకు సాదా హెచ్‌టీఎంఎల్ చాలు. గిట్‌హబ్ పేజెస్, నియోసిటీస్ లాంటివి అలాంటి సైట్లను ఉచితంగానే పెట్టనిస్తాయి. 2013లో మొదలైన నియోసిటీస్ పేరులోనే పాత జియోసిటీస్ మీద ప్రేమ కనిపిస్తుంది. చిరునామా పక్కన ‘సురక్షితం కాదు’ అని బ్రౌజర్ భయపెట్టకుండా ఉండే సర్టిఫికెట్ ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ పుణ్యమా అని ఇప్పుడు అదీ ఉచితం.

సందర్శకుల లెక్క? వదిలేయండి.

పరుల సొమ్ము

సరదా సైట్లలో సగం ఇతరుల పాటలు, పుస్తకాలు, ఫొటోల మీద నడుస్తాయి. ఇష్టంతో పెట్టాం కదా అంటే చట్టం ఒప్పుకోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు వారసులవి. మొదట అది 50 ఏళ్లే. ఠాగూర్ రచనల గడువు తీరిపోతుండగా 1992లో 60కి పెంచారు. దీని ప్రకారం 1915లో పోయిన గురజాడ అందరివాడు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరిదాకా, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా ఆగాలి. సినిమా పాట రికార్డింగ్‌కు విడుదల నుంచి 60 ఏళ్లు. అది తీరినా పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కులు విడిగా ఉండొచ్చు.

పాత పుస్తకాలతో ఏం చెయ్యొచ్చో తెలియాలంటే ‘ఆంధ్రభారతి’ని చూడండి. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు ఏళ్ల తరబడి కూర్చిన ఆ సైట్లో బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకే పెట్టెలో వెతుక్కోవచ్చు. పాత పుస్తకాన్ని బొమ్మగా పెట్టి వదిలేయకుండా పదం పదం ఎక్కించడం మామూలు శ్రమ కాదు. ఏ విశ్వవిద్యాలయమో చెయ్యాల్సిన పని అని మనం అనుకుంటాం. ఇష్టంకొద్దీ ఇద్దరు మనుషులు భుజాన వేసుకున్నారు. తెలుగు రాసేవాళ్లలో రోజుకోసారి ఆ గుమ్మం తొక్కనివాళ్లు తక్కువ.

నలుగురి చెయ్యి

సైటును ఒక్కడే నడిపితే, వాడికి జ్వరం వస్తే సైటుకే వచ్చినట్టు. 2009 జనవరిలో వి.బి. సౌమ్య, పూర్ణిమ తమ్మిరెడ్డి మొదలుపెట్టిన ‘పుస్తకం.నెట్’ పుస్తకాలు చదివే ఎవరైనా రాసి పంపే చోటుగా పెరిగింది. ఆ రోజుల్లోనే బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే ‘కూడలి’ ఉండేది, అదీ వీవెన్ పనే. రాసేవాడికి ఎవరో చదువుతున్నారన్న కబురు దాంతోనే అందేది. యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో ఈ-తెలుగు సంఘం వాళ్లు ఆదివారాలు కలిసేవారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి వచ్చినవాళ్లకల్లా కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో చూపించేవారు. మెట్రో లేని రోజుల్లో ఉప్పల్ నుంచి యూసుఫ్‌గూడ పోయి రావడమంటే ఆదివారం ఖర్చయిపోయినట్టే. అయినా పోయేవాళ్లు పోయారు. తెర మీద పరిచయమైన మనుషులు పార్కులో గడ్డి మీద కూర్చుని మాట్లాడుకున్నాక, ఒకరు ఆపేసిన పనిని ఇంకొకరు అందుకోవడం తేలికైంది.

అప్పగింత గురించి ఎవరూ మాట్లాడరు, అపశకునమని. పాస్‌వర్డు ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరూ లేకపోతే సైటు ఆయుష్షు ఇంకో రెన్యువల్ దాకానే. ఇంటి కాగితాలు దాచుకునే ఫైల్లోనే డొమైన్ ఎక్కడ కొన్నారో, ఏ ఈమెయిల్‌తో కొన్నారో, ఏ నెలలో కట్టాలో ఒక కాగితం పెట్టాలి. వారసులకు ఆసక్తి లేదా? సరుకును స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేస్తే పనికొచ్చే ముక్కలు వికీపీడియాలోకైనా చేరతాయి.

ఇక్కడ ఏం పెట్టాలి?

అంశం ఎంత చిన్నదైతే అంత మంచిది. ‘హైదరాబాద్ చరిత్ర’ అని మొదలుపెట్టినవాళ్లు మూడో పేజీ దగ్గరే ఆగిపోతారు. ఉప్పల్, నాచారంలో ఎవరూ ముట్టని సంగతులు బోలెడు. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియోలో ఏ సినిమాలు తీశారు, ఏ ఫ్లోర్‌లో ఎవరు లైట్లు పట్టారు? ఆ పనివాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లు. పారిశ్రామికవాడలో మూతపడ్డ ఫ్యాక్టరీల గేటు పాసులు, క్యాంటీన్ టోకెన్లు ఎవరి బీరువాల్లో ఉన్నాయి? ఉప్పల్ డిపో బస్సు టికెట్టు మీద ఏపీఎస్‌ఆర్టీసీ పోయి టీఎస్‌ఆర్టీసీ వచ్చింది, 2024లో టీజీఎస్‌ఆర్టీసీ అయింది. మూడు రకాల టికెట్లూ దాచినవాళ్లు ఉండే ఉంటారు. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి పైవంతెనను నెలకొక ఫొటో చొప్పున ఒకే చోటు నుంచి తీసి పెట్టినవాళ్లుంటే అంతకన్నా గొప్ప సైటు ఉండేదా? ఆ దుమ్ములో రోజూ ప్రయాణం చేసినవాళ్లకు నవ్వొచ్చినా రావచ్చు.

ఒక్క జాగ్రత్త. గల్లీ సైటులో గల్లీ మనుషులుంటారు. ఎవరి ఇంటి నంబరూ, ఎవరి పిల్లల మొహాలూ అడక్కుండా పెట్టొద్దు. పెద్దాయన చెప్పిన ముచ్చటను ఆయనకు చదివి వినిపించి, సరేనన్నాకే ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిదాని కిందా తేదీ వెయ్యాలి. రింగురోడ్డు మీద మెట్రో స్టేషన్ 2017లో, స్కైవాక్ 2023లో వచ్చాయి. ఆ చౌరస్తా ఫొటోకు తేదీ లేకపోతే అది ఏ ఉప్పలో చెప్పలేం.

పేజీ పెట్టిన రోజునే ఇంకో పని కూడా చెయ్యండి. 1996 నుంచి వెబ్ పేజీలను దాస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో మీ చిరునామా కొట్టి భద్రపరచమని అడగండి. డబ్బు అడగరు, ఖాతా కూడా అక్కర్లేదు. ఏడాదికోసారి, డొమైన్ డబ్బు కట్టే నెలలోనే, మళ్లీ అడిగితే సరిపోతుంది.